రొట్టె కొరకా, రొట్టె నిచ్చినవాని కొరకా?

పాఠ్యభాగము: యోహాను 6:22–69. దీనితో కూడ 63వ కీర్తనను ఇంటియొద్ద కుటుంబ ప్రార్థనలో చదువుకొనవలెను.



ఈ నెల పాఠమునకు నేను ఎన్నుకొనిన భాగము మీకు క్రొత్తది కాదు. ప్రభువు అయిదువేలమందికి ఆహారము పెట్టిన సంగతి ఆదివారపు బడి పిల్లలు సయితము తడుముకొనకుండ చెప్పగలరు. అయితే మరునాడు ఏమి జరిగెనని అడిగినయెడల పెద్దలు కూడ ఒకరి ముఖము ఒకరు చూచుకొందురు. మనము సాధారణముగా పండ్రెండు గంపలు నిండినచోటనే పుస్తకము మూసివేయుదుము. యోహాను అక్కడ ఆపక, మరునాటి కథను ఎక్కువ వివరముగా వ్రాసెను.

తెల్లవారగానే జనులు యేసును వెదకిరి. ఆయనయు శిష్యులును అక్కడ లేరని తెలిసికొని, దోనెలెక్కి, సముద్రము దాటి కపెర్నహూమునకు వచ్చిరి. చూచువారికి అది ఎంత గొప్ప భక్తి! మన సంఘమునకు ఒక్క ఆదివారము అంతమంది అట్లు పరుగెత్తుకొని వచ్చినయెడల, నేను ఆ సంఖ్యను రిపోర్టులో వ్రాసికొని నెలదినములు సంతోషింతును. ప్రభువు సంతోషింపలేదు. నిన్న మీ కడుపు నిండినది గనుక నేడు నన్ను వెదకుచున్నారని వారి ఎదుటనే చెప్పెను (26వ వచనము). అంతకు ముందటి సాయంకాలమే వారు ఆయనను బలవంతముగా పట్టుకొని రాజును చేయ జూచిరి (15వ వచనము). తమకు పనికివచ్చు రాజు వారికి కావలెను. ఆయన ఒంటరిగా కొండకు వెళ్ళిపోయెను.

ఇక్కడ మీలో కొందరు నాతో ఏమందురో నాకు తెలియును. ఒక పల్లెలో ఈ పాఠమును మొదట చెప్పినప్పుడు ఒక పెద్దమనిషి లేచి అన్నాడు: "అయ్యగారూ, ధనము మీద ఆశ పెట్టుకోవద్దని మాకు చెప్పుడెందుకు? మా దగ్గర ఏమున్నదని? పోయి ఉన్నోళ్ళకు చెప్పుండ్రి." అందరును నవ్విరి. నేనును నవ్వితిని. అయితే వాక్యమును మరల చూడుడి. ఆ జనులు ఐశ్వర్యవంతులు కారు. ఒక పిల్లవాని యవల రొట్టెలు గొప్పగా ఎంచబడిన సమూహమది. యవల రొట్టె ఆ దేశములో పేదల కూడు. ధనము లేనివాడు కూడ ధనము కొరకే దేవుని యొద్దకు రాగలడు. లేనందువలన వాని ఆశ మరి ఎక్కువ కావచ్చును. కాబట్టి ఈ పాఠము మనది కాదని తప్పించుకొనుటకు వీలులేదు.

మరియొక పొరపాటు కూడ పడకూడదు. రొట్టె చెడ్డదని ప్రభువు చెప్పలేదు. ఆకలిగొన్నవారికి మొదట పెట్టినవాడు ఆయనయే. అనుదినాహారము కొరకు ప్రార్థన చేయ నేర్పినవాడును ఆయనయే. పిల్లల బడి జీతము కట్టలేక తలవంచుకొని వచ్చిన తండ్రితో, "లోకాశలు విడిచిపెట్టు" అని చెప్పు బోధకుడు ఈ అధ్యాయమును చదువలేదని నేననుకొందును. ప్రభువు అడిగినది ఒక్కటే: రొట్టె అయిపోయిన తరువాత కూడ మీరు నాయొద్ద ఉందురా? ఆ ప్రశ్నకు జవాబు అధ్యాయము చివర కనబడుచున్నది. తానే జీవాహారమని ఆయన చెప్పగా, మాట కఠినమని సణుగుకొని అనేకులు తిరిగి వెళ్ళిపోయిరి. ఆయన వారి వెనుక పోయి బ్రతిమాలలేదు. మిగిలిన పండ్రెండుగురిని చూచి, మీరును పోవుదురా అని అడిగెను. పేతురు జవాబులో రొట్టె మాట లేదు, గంప మాట లేదు. మరి ఎవని యొద్దకు పోగలమని మాత్రమే అతడనెను.

ఇటువంటి పరీక్ష మన తెలుగుదేశములో ఒకసారి బహిరంగముగా జరిగినది. మన జనగామ ప్రాంతమునకు సువార్త తెచ్చిన అమెరికను బాప్తిస్టు మిషను వారి చరిత్రలోనిదే యీ సంగతి. 1876వ సంవత్సరము మొదలుకొని 1878 వరకు దక్షిణదేశమంతటను ఘోరమైన కరువు వచ్చెను. ధాత నామ సంవత్సరములో మొదలైనందున పెద్దలు దానిని ధాత కరువనిరి. అప్పుడు ఒంగోలులో జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు మిషనరీగా ఉండిరి. ఆయన మిషనరీ కాకమునుపు తన దేశములో భూములు కొలుచు సర్వేపని చేసినవాడు. ప్రభుత్వమువారు కరువు పనిగా బకింగ్‌హాము కాలువను త్రవ్వించుచుండగా, అందులో మూడున్నర మైళ్ళ పనిని ఆయన కంట్రాక్టు తీసికొనెను. వేలకొలది జనులు అక్కడకు చేరిరి. బోధకులనే పనిమీద మేస్త్రీలుగా పెట్టి, చేసిన పనికి కూలి సరిగా ఇప్పించెను. తట్టలు మోసి అలసినవారు నీడను కూర్చుండినప్పుడు బోధకులు వారితో మాటలాడుచుండిరి. మత్తయి 11:28 ఆ కూలివారికి అన్నిటికంటె ప్రియమైన వచనమాయెనట. బరువు మోయువారిని ప్రభువు పిలుచుచున్నాడన్న మాట తల మీద మట్టితట్ట ఉన్నవానికి వేరుగా వివరింపనక్కరలేదు.

ఆ కాలములోనే మాకు బాప్తిస్మమిమ్మని వందలకొలది జనులు అడుగ మొదలిడిరి. క్లౌ దొరగారు ఇయ్యలేదు. ఒక నెల కాదు, రెండు నెలలు కాదు, ఇంచుమించు పదునైదు నెలలు ఎవనికిని బాప్తిస్మమియ్యక నిలిపివేసెను. తన చేతిలో కూలియు ధాన్యమును ఉన్నంతకాలము, వచ్చువాడు తనకొరకు వచ్చుచున్నాడో ప్రభువు కొరకు వచ్చుచున్నాడో తెలియదని ఆయన భయపడెను. నేటి మన లెక్కల ప్రకారము ఇది తెలివితక్కువ పని. జనులు వచ్చుచున్నప్పుడే చేర్చుకొనవలెను గదా! ఆయన పని ఇచ్చుట మానలేదు, గింజలు పంచుట మానలేదు. అన్నమునకు వెలగా బాప్తిస్మమును అడుగలేదు. బాప్తిస్మమునకు ఎరగా అన్నమును చూపలేదు.

1878లో కరువు సహాయము ముగిసెను. ఒంగోలుకు ఉత్తరముగా గుండ్లకమ్మ యేటి యొడ్డున వెల్లంపల్లి యొద్ద కూడుకొనుడని దొరగారు బోధకులకు కబురుచేసెను. క్రైస్తవులను మాత్రము తీసికొని రండి, క్రొత్తవారిని ఇప్పుడు తేవద్దని వ్రాసినను క్రొత్తవారే గుంపులుగా వచ్చిరి. ఆయన వారి యెదుట నిలువబడి, సహాయము అయిపోయినది, మీకిచ్చుటకు నాయొద్ద ఇక ఏమియు లేదు, మీ యిండ్లకు వెళ్ళుడని చెప్పెను. వారు వెళ్ళలేదు. మేము సహాయమడుగుటకు రాలేదనిరి. కాలువ పనిలో బొబ్బలెక్కిన చేతులను సాక్ష్యముగా చూపిరి. రాబోవు పంట కూడ పోయినయెడల చత్తుము గాని క్రైస్తవులమై చావగోరుచున్నామనిరి. అప్పుడు ఆయన ఇక అడ్డుచెప్పలేకపోయెను.

ఒక్కొక్కని విచారించి, పేర్లు వ్రాసికొని, జూలై 2వ తేదీన 614 మందికిని, 3వ తేదీన 2,222 మందికిని, 4వ తేదీన 700 మందికిని, అనగా మూడు దినములలో 3,536 మందికి గుండ్లకమ్మలో బాప్తిస్మమిచ్చిరి. నీటిలో దిగినవారు తెలుగు బోధకులే. ఇద్దరిద్దరు వంతులు వేసికొని ఇచ్చిరి. ఆ సంవత్సరాంతమునకు సంఖ్య 9,606 ఆయెను. ఆ వేలమందిలో ప్రతివాని హృదయమెట్టిదో దేవునికే యెరుక. నా మనస్సు ఎప్పుడును ఆ సంఖ్యల మీద నిలువదు. వాటికి ముందున్న పదునైదు నెలల మీద నిలుచును.

ఎందుకనగా నేను దానికి వ్యతిరేకముగా చేసినవాడను. ఈ సంగతి వ్రాయవలెనా వద్దా అని రెండు దినములు ఆలోచించితిని. సంఘములో కొందరికి ఇదివరకే తెలిసియున్నది గనుక వ్రాయుచున్నాను.

మన ప్రాంతము సంగతి మీకు చెప్పనక్కరలేదు. దేవాదుల నీళ్ళు చేరిన చెరువుల క్రింద వరి పచ్చగా కనబడుచున్నది. నీళ్ళెక్కని మెట్టభూములవారు నేటికిని బోరునే నమ్ముకొని బ్రదుకుచున్నారు. ఒక రైతు, ఆయన పేరు వ్రాయను, అంతకుముందు రెండు బోర్లు వేసి అప్పులపాలైనవాడు, మూడవదానికి నన్ను పిలిచెను. అతడును అతని భార్యయు అప్పటికి నాలుగైదు నెలలుగా ఆరాధనకు వచ్చుచుండిరి. కొబ్బరికాయ చేతబట్టి పాయింటు చూచువానిని పిలువక మమ్మును పిలిచినందుకు నేను ఉప్పొంగితిని. బోరు బండి ప్రక్కన మోకాళ్ళూని ప్రార్థించితిని. అంతటితో ఊరకుండినయెడల బాగుండును. లేచి వానితో, "విశ్వాసముంచుము, నీళ్ళు తప్పక పడును, పడిన తరువాత నీవు ఊరంతటికి సాక్ష్యము చెప్పవలెను" అంటిని.

ఆరువందల అడుగులు దిగినను దుమ్మే లేచినది. సాయంకాలము బండివారు డబ్బు లెక్కపెట్టుకొని పోయిరి. అతడు నన్ను ఒక్కమాట అనలేదు. వచ్చు ఆదివారము రాలేదు, అటుతరువాతను రాలేదు. అతని విశ్వాసము రాతినేలను పడిన విత్తనమని నేను ఇతరులతో చెప్పితిని కూడ! ఆ మాట చెప్పినందుకు బోరు సంగతికంటె ఎక్కువ సిగ్గుపడుచున్నాను. అతని యెదుట నేను పెట్టినది ప్రభువును కాదు, నీళ్ళను పెట్టితిని. నీళ్ళు పడకపోగా, అతడు నా మాట ప్రకారమే నడిచినవాడై వెళ్ళిపోయెను. సెమినరీలో యోహాను ఆరవ అధ్యాయము మీద నేను వ్రాసిన పరీక్షకు మంచి మార్కులు వచ్చినవి.

ఇప్పుడు 63వ కీర్తన తెరువుడి. దానికి పైన వ్రాయబడిన మాట ప్రకారము దావీదు యూదా అరణ్యములో నుండెను. మొదటి వచనములోనే ఎండినది, నీళ్ళులేనిది అయిన భూమిని గూర్చి చెప్పుచున్నాడు. మన మెట్టచేలలో మే నెలలో నడిచినవానికి ఆ భూమి ఎట్టిదో తెలియును: కాలి క్రింద పెళ్ళలు పగులును, నాలుక పిడచగట్టును. అటువంటిచోట నుండినవాడు దేవుని ఏమి అడుగును? నేనైతే నీళ్ళడుగుదును. కీర్తన మొదటినుండి చివరివరకు వెదకుడి, దావీదు నీళ్ళడిగిన మాట కనబడదు. అతని దప్పికకు దేవుడే కావలెను. ఎండిన నేలను చూచి, ఓహో, నా ప్రాణము నీకొరకు ఇట్లే ఉన్నదని దేవునితో చెప్పుకొనుచున్నాడు. మూడవ వచనములో దేవుని కృపను ప్రాణముకంటె పైగా ఎంచెను. ప్రాణము నిలుపుకొనుటకు గదా మనము నీళ్ళను, పంటను, ధనమును కోరుదుము! దావీదు దాహము లేనివాడు కాడు. తన దాహములన్నిటిలో ఏది పెద్దదో తెలిసినవాడు.

బోరు సంగతి జరిగిన కొలది నెలలకు మన సంఘములోని ఒక వృద్ధురాలు, చదువు రానిది, ప్రార్థనకూటమైన తరువాత నాతో అన్నది: "అయ్యగారూ, కోపం జెయ్యకుండ్రి. ఈ నడుమ మీరు ప్రార్థనల దేవునితోని మాట్లాడుతలేరు, పని చెప్తున్నరు." నాకు కోపము వచ్చినది. ఇంటికి పోయి ఆలోచించగా నిజమేనని తోచినది. నా ప్రార్థనలన్నియు జీతగానికి తెల్లవారగానే చెప్పు పనుల పట్టీవలె నుండినవి: వానికి ఉద్యోగము, వీనికి వీసా, ఆమెకు సంతానము, గుడికి రేకులు. అడుగుట తప్పు కాదు. అడుగుట ముగిసిన తరువాత ఆయనతో ఒక్క నిమిషము ఊరక కూర్చుండుటకు నాకు మనస్సు రాలేదు. పని చెప్పుట అయిపోగానే నేను లేచిపోవుచుంటిని. మీరును ఒక రాత్రి మీ ప్రార్థనను ఇట్లు లెక్క చూచుకొనుడి.

ఇప్పుడు మన పల్లెలకు క్రొత్త శోధన వచ్చియున్నది. హైదరాబాదు నుండి వరంగల్లు పోవు రోడ్డు వెంబడి భూముల ధరలు పెరిగినవి. నిన్నటివరకు జొన్నలు పండని గట్టుకు నేడు కారు వేసికొని బ్రోకర్లు వచ్చుచున్నారు. ఒక తల్లి పాలు త్రాగిన అన్నదమ్ములు ప్రభువు బల్లయొద్ద ఎడమొగము పెడమొగముగా కూర్చుండుట నేను చూచుచున్నాను. లూకా 12వ అధ్యాయములో ఒకడు సరిగా ఇటువంటి తగవునే ప్రభువు నొద్దకు తెచ్చెను: మా అన్నతో చెప్పి నా పాలు నాకిప్పించుమని. ఆయన తీర్పరిగా కూర్చుండక, పంట పండిన ధనవంతుని కథ చెప్పెను. ఆ ధనవంతుడు దొంగ కాడు, భూమి పండినది. అతని మాటలలో నా పంట, నా కొట్లు, నా ఆస్తి అని నా అన్న మాటయే గాని దేవుని పేరు ఒక్కసారియు లేదు. దీనిని గూర్చి వేరొక నెల వ్రాసెదను.

ధనముకొరకు దైవమును అమ్ముకొనరాదన్న తలంపు మన గడ్డకు క్రొత్త కాదని కూడ ఇక్కడ చెప్పవలెను. పాలకుర్తి దగ్గరి బమ్మెర పోతన తన భాగవతమును రాజునకు అంకితమియ్యక నాగలి పట్టి బ్రదికెనని మన పొరుగువారు గర్వముతో చెప్పుకొందురు. వారి విశ్వాసము వేరు, మన విశ్వాసము వేరు. అయినను వారి పిల్లలు ఆ కథ విని పెరుగుచుండగా, మన పిల్లలు "యేసును నమ్మితే ఏమి దొరుకును" అను మాటలనే విని పెరిగినయెడల మనము సిగ్గుపడవలసినదే.

మన పిల్లలకు చెప్పుటకు మనకును కథలున్నవి. నేడు మహబూబాబాదు జిల్లాలో చేరిన డోర్నకల్లు ఇక్కడికి దూరము కాదు. వేదనాయకము శామ్యూలు అజరయ్యగారు దక్షిణమున తిరునెల్వేలి ప్రాంతమువారు. వై.ఎం.సి.ఏ.లో కార్యదర్శిగా దేశమంతట పేరుపొందియుండియు, ఆ పని విడిచి 1909లో మిషనరీగా డోర్నకల్లుకు వచ్చి, తెలుగు నేర్చుకొనెను. 1912లో ఆంగ్లికను సంఘములో బిషప్పుగా అభిషేకము పొందిన మొదటి భారతీయుడాయెను. 1945లో మరణించువరకు ఎద్దుబండి మీదను సైకిలు మీదను పల్లెలు తిరిగెను. ఆయన సంఘములవారిలో ఎక్కువమంది మాలమాదిగ కూలివారు. ఒక పూట తిని ఒక పూట పస్తుండువారు.

వీరు బీదలు, వీరిని కానుకలడుగరాదని తలంచుట సహజము. అజరయ్యగారు అట్లు తలంపలేదు. క్రైస్తవులు ఇచ్చుటను గూర్చి ఆయన ఒక పుస్తకమే వ్రాసెను. ఆ పల్లెలలో స్త్రీలు వంటకు బియ్యము తీయునప్పుడెల్ల ఒక పిడికెడు ప్రభువునకని వేరుగా పోసి, ఆదివారము గుడికి తెచ్చుచుండిరి. మన సంఘములలో కూడ ముసలివారు కొందరు ఈ వాడుక ఎరుగుదురు. ఇప్పుడు కవరులో నోటు వేయుచున్నాము గనుక పిడికెడు బియ్యమునకు అర్థము మరచితిమి. కుండ ఎటూ నిండదని ఆ తల్లికి తెలియును. పిల్లలు పొయ్యి చుట్టు కూర్చుండియున్నారు. అటువంటప్పుడు ఎసరులో పోయకముందే ఒక పిడికెడు ప్రక్కన పెట్టినది. అన్నము ఎంత విలువైనదో ఆమెకు తెలిసినట్లు మనకు తెలియదు. ఆమె చేతిలో ఆ గింజలు ప్రభువుకంటె తక్కువవిగా తూగినవి. మనము కవరులో వేయు నోటు మన కుండకు ఏమి తక్కువ చేయుచున్నది?

ఈ పాఠమును వ్రాయకమునుపు నేను చేయవలసిన పని ఒకటి మిగిలియుండెను. పోయిన నెలలో ఒక సాయంకాలము ఆ రైతు ఇంటికి వెళ్ళితిని. అతడు మంచము వాల్చి కూర్చుండుమనెను. "నీళ్ళు పడునని నీకు నేను మాటిచ్చితిని. ఆ మాట ఇచ్చుటకు నాకు అధికారము లేదు. నన్ను క్షమించుము" అంటిని. అతడు చాలసేపు మాటలాడలేదు. తరువాత, "బోరు సంగతి పోనీ అయ్యగారూ, మల్ల ఎందుకొచ్చిండ్రు? ఇంకో బోరేసే తాకత్ నాకు లేదు" అనెను. నిన్ను చూచుటకు వచ్చితినని చెప్పితిని. అతని భార్య చాయ తెచ్చినది. పోవునప్పుడు ప్రార్థన చేయుమని వారడుగలేదు. నేనును చేయుదునా అని అడుగలేదు.

ఆ ఆదివారము అతడు రాలేదు. ఆమె వచ్చి, చివర చాప మీద కూర్చున్నది. ప్రార్థన మనవులు అడిగినప్పుడు ఆమె చేయి ఎత్తలేదు. ఆరాధన అయిన తరువాత కొంగున కట్టుకొనిన పిడికెడు బియ్యము విప్పి, బల్ల ప్రక్కనున్న గిన్నెలో పోసి, నాతో మాటలాడకయే ఇంటికి వెళ్ళినది.